టిబెట్‌లో మంచు కరిగితే మన కుళాయికి ఏమవుతుంది? పీఠభూములు వానను, నీటిని ఎలా నడిపిస్తాయి?

'హిమాలయాల్లో మంచు కరిగిపోతోంది, ఇంకొన్నేళ్లలో దేశంలోని నదులన్నీ ఎండిపోతాయి.' ఎండాకాలం మొదలయ్యే సరికి ఇలాంటి మెసేజ్ ఒకటి వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మామూలే. టిబెట్‌లో చైనా కడుతున్న డ్యామ్ గురించిన వీడియో కూడా దానికి తోడవుతుంది. అపార్ట్‌మెంట్ కిందికి ట్యాంకర్ వచ్చి ఆగినప్పుడు వీటిని చూస్తే ఎవరికైనా భయమేస్తుంది.

ఇందులో నిజం ఎంత? హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో కుళాయి తిప్పేవారికి ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న పీఠభూమితో సంబంధం ఏమిటి? క్లుప్తంగా చెప్పాలంటే సంబంధం ఉంది. అయితే అది మంచు ద్వారా కాదు, వాన ద్వారా. ఈ తేడా తెలిస్తే మనం దేనికి భయపడాలో, ఎవరిని ప్రశ్నించాలో కూడా తెలుస్తుంది.

టిబెట్ పీఠభూమి ఎంత పెద్దది?

చుట్టుపక్కల నేల కంటే ఎత్తుగా ఉండి, పైభాగం చాలావరకు చదునుగా ఉండే ప్రాంతాన్ని పీఠభూమి అంటారు. మన దక్కన్ కూడా పీఠభూమే. కానీ హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు కాస్త పైన ఉంటే, టిబెట్ పీఠభూమి సగటు ఎత్తు 4,000 మీటర్లకు పైనే. విస్తీర్ణం దాదాపు 25 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే మన దేశంలో మూడొంతుల భాగాన్ని నాలుగు కిలోమీటర్ల పైకి ఎత్తి నిలబెట్టినట్టు.

సింధు, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదులు ఈ ప్రాంతంలోనే పుడతాయి. చైనాకు ప్రాణాధారమైన యాంగ్జీ, ఎల్లో నదులు, ఆగ్నేయాసియాకు నీరిచ్చే మెకాంగ్, సాల్వీన్ కూడా ఇక్కడివే. ఉత్తర, దక్షిణ ధ్రువాల తర్వాత ఎక్కువ మంచు ఉన్నది ఇక్కడి పర్వతాల్లోనే కాబట్టి దీన్ని 'మూడో ధ్రువం' అని, 'ఆసియా వాటర్ ట్యాంక్' అని పిలుస్తుంటారు.

చాలామంది గంగ కూడా టిబెట్‌లోనే పుడుతుందనుకుంటారు. గంగోత్రి హిమానీనదం ఉన్నది ఉత్తరాఖండ్‌లో, హిమాలయాలకు ఇవతలి వైపు. గంగలో కలిసే ఘాఘరా మాత్రం టిబెట్‌లో, మానస సరోవరం దగ్గరి ప్రాంతంలో మొదలవుతుంది.

పీఠభూమి వానను ఎలా తెస్తుంది?

సూర్యుడి వేడి గాలిని నేరుగా పెద్దగా వేడెక్కించదు. ముందు నేల వేడెక్కి, ఆ నేల పైనున్న గాలిని వేడి చేస్తుంది. మైదానాల్లో ఇది వాతావరణం అడుగున జరుగుతుంది. టిబెట్‌లో నేలే నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, అక్కడ పొయ్యి వాతావరణం మధ్యలో వెలిగించినట్టవుతుంది. ఎండాకాలంలో ఆ ఎత్తులో టిబెట్ మీది గాలి, అదే ఎత్తులో హిందూ మహాసముద్రం మీదున్న గాలి కంటే వేడిగా ఉంటుంది. దాంతో పైస్థాయి గాలుల దిశ మారిపోతుంది.

చలికాలమంతా హిమాలయాలకు దక్షిణంగా వీచే పడమటి జెట్ గాలి, జూన్ నాటికి పీఠభూమికి ఉత్తరంగా జరుగుతుంది. దక్షిణ భారతం మీదుగా, దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తులో, తూర్పు నుంచి పడమరకు మరో జెట్ గాలి మొదలవుతుంది. కింద అరేబియా సముద్రం, బంగాళాఖాతం నుంచి తేమ గాలులు భూమి వైపు వస్తాయి. ఇదే మనకు తెలిసిన నైరుతి రుతుపవనం.

పైన వీచే ఆ తూర్పు జెట్ గాలిని గుర్తించి, దానికి టిబెట్ వేడితో ఉన్న సంబంధాన్ని 1958లో ప్రచురించిన పరిశోధనలో వివరించింది తెలుగు శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. ఆయన తర్వాత భారత వాతావరణ శాఖ డైరెక్టర్ జనరల్‌గా కూడా పనిచేశారు. ఇవాళ ప్రపంచమంతా రుతుపవనాల పాఠాల్లో ఆ జెట్ గాలి గురించి చదువుకుంటోంది.

పొయ్యా, గోడా?

అయితే పీఠభూమి చేసే పని వేడెక్కించడం ఒక్కటే కాదు. హిమాలయాలతో కలిసి అది పెద్ద అడ్డుగోడలా నిలబడుతుంది. మధ్య ఆసియా నుంచి వచ్చే చల్లటి పొడిగాలిని ఇటు రానివ్వదు. సముద్రం నుంచి వచ్చిన తేమగాలిని అటు పోనివ్వదు. అందుకే గోడకు ఇటు మేఘాలయలోని మాసిన్‌రామ్‌లో ఏడాదికి 11 వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, అటువైపు లేహ్‌లో 100 మిల్లీమీటర్లు పడటమే గగనం. ఇంకా ఉత్తరానికి వెళితే తక్లమకాన్, గోబీ ఎడారులు.

ఈ రెండింటిలో ఏది ముఖ్యం అన్నదానిపై శాస్త్రవేత్తల మధ్య చర్చ ఉంది. విలియం బూస్, జీమింగ్ క్వాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు కంప్యూటర్ మోడల్‌లో టిబెట్ పీఠభూమిని తీసేసి, హిమాలయాల సన్నటి గోడను మాత్రం ఉంచి చూశారు. దక్షిణాసియా రుతుపవనం పెద్దగా బలహీనపడలేదు. 2010లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఈ ఫలితం, పొయ్యి కంటే గోడే ముఖ్యమన్న వాదనకు బలమిచ్చింది. దీనితో ఏకీభవించని పరిశోధనలు కూడా తర్వాత వచ్చాయి.

మనకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. టిబెట్ వేడెక్కుతోంది కాబట్టి మనకు వానలు కూడా అదే లెక్కన పెరుగుతాయనో, తగ్గుతాయనో సూటిగా చెప్పడానికి లేదు. సముద్రం వేడి, ఎల్ నినో, గాలిలోని ధూళి, పొగ ఇలా చాలా అంశాలు కలిసి వాన రాకను నిర్ణయిస్తాయి.

మంచు చూసి వాన చెప్పిన రోజులు

ఈ సంబంధాన్ని మన దేశం నూటముప్ఫై ఏళ్ల కిందటే వాడుకుంది. 1876-78 నాటి ఘోర కరవు తర్వాత, వానలు ఎలా ఉంటాయో ముందుగా చెప్పాలని బ్రిటిష్ ప్రభుత్వం అప్పుడే ఏర్పడిన వాతావరణ శాఖను అడిగింది. దాని తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్, హిమాలయాల్లో మంచు ఎక్కువ పడిన ఏడాది వానలు తక్కువగా ఉంటున్నాయని 1884లో వివరించారు. మంచు ఎండను వెనక్కి పంపేస్తుంది. కరిగేటప్పుడు కూడా వేడిని తినేస్తుంది. కాబట్టి నేల ఆలస్యంగా వేడెక్కుతుందన్నది తర్కం. దీని ఆధారంగానే 1886 జూన్ 4న దేశంలో మొదటి రుతుపవన అంచనా విడుదలైంది.

తర్వాత దశాబ్దాల్లో ఈ లెక్క అన్ని ఏళ్లలోనూ సరిపోలేదు. 'వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక' అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇప్పుడు వాతావరణ శాఖ ఏప్రిల్‌లో ఒకసారి, మే చివర్లో ఒకసారి ఇచ్చే అంచనాల వెనుక సముద్రాలు, భూమి, గాలి అన్నింటినీ కలిపి లెక్కగట్టే మోడళ్లు ఉన్నాయి. ఉత్తరార్ధగోళంలోని మంచు విస్తీర్ణాన్ని నేటికీ గమనిస్తూనే ఉన్నారు.

మంచు నీళ్లు ఏ నదికి ఎంత?

వాట్సాప్ మెసేజ్ తప్పుదోవ పట్టించేది ఇక్కడే. 'హిమాలయ నదులు' అని అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తుంది. నిజానికి నదికీ నదికీ చాలా తేడా ఉంది.

నెదర్లాండ్స్ పరిశోధకుడు వాల్టర్ ఇమ్మర్‌జీల్, సహచరులు 2010లో 'సైన్స్' పత్రికలో ఒక లెక్క ఇచ్చారు. దిగువ మైదానంలో వాన వల్ల సహజంగా వచ్చే నీటిని 100 లీటర్లు అనుకుందాం. దానితో పోలిస్తే పైనుంచి మంచు కరిగి వచ్చే నీరు ఇంత:

- సింధు: 151 లీటర్లు
- బ్రహ్మపుత్ర: 27 లీటర్లు
- గంగ: 10 లీటర్లు
- యాంగ్జీ, ఎల్లో నదులు: ఒక్కోదానికి 8 లీటర్లు

అంటే పాకిస్తాన్, పంజాబ్, లద్దాఖ్‌లకు మంచు ప్రాణాధారం. గంగా మైదానంలో ఏడాది మొత్తం మీద చూస్తే వాటా తక్కువే కానీ, వాన లేని ఏప్రిల్, మే నెలల్లో ఆ కొద్ది నీరే కీలకమవుతుంది. తూర్పుకు వెళ్లేకొద్దీ వాన వాటా పెరుగుతుంది.

ముందు ఎక్కువ, తర్వాత తక్కువ

హిందూకుష్ హిమాలయ దేశాలు కలిసి నడిపే ఇసిమోడ్ అనే సంస్థ కాఠ్‌మాండూలో ఉంది. అది 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఈ ప్రాంత హిమానీనదాలు అంతకుముందు దశాబ్దంతో పోలిస్తే 2011-2020 మధ్య 65 శాతం వేగంగా కరిగాయి. కాలుష్య ఉద్గారాలు ఇలాగే కొనసాగితే ఈ శతాబ్దం చివరికి ఇప్పుడున్న మంచులో 80 శాతం వరకు పోవచ్చు. ఆ కొండల్లో 24 కోట్ల మంది, దిగువన 165 కోట్ల మంది ఈ నీటి వ్యవస్థ మీద ఆధారపడి ఉన్నారు.

మంచు కరిగితే నదులు వెంటనే ఎండిపోవు. మొదట నీరు పెరుగుతుంది. బ్యాంకులో దాచుకున్న అసలును తీసి ఖర్చు పెడుతుంటే చేతిలో డబ్బు ఆడుతున్నట్టే ఉంటుంది కదా, ఇదీ అంతే. ఈ శతాబ్దం మధ్య నాటికి కరుగు నీరు గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత తగ్గుతుందని ఇసిమోడ్ అంచనా. ప్రమాదం ఏమిటంటే, నీరు ఎక్కువగా వస్తున్న ఈ దశాబ్దాలనే మామూలు అనుకుని ప్రభుత్వాలు కాలువలు, విద్యుత్ ప్రాజెక్టులు ప్లాన్ చేయడం.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. కరిగిన నీరు మంచు అంచున సరస్సులుగా నిలిచి, ఒక్కసారిగా గట్టు తెగుతుంది. 2023 అక్టోబర్ 4 తెల్లవారుజామున సిక్కింలో జరిగింది ఇదే. దక్షిణ ల్హోనక్ సరస్సు తెగి తీస్తా నదికి వచ్చిన వరదలో చుంగ్‌థాంగ్ దగ్గరున్న 1,200 మెగావాట్ల ప్రాజెక్టు డ్యామ్ కొట్టుకుపోయింది.

లేహ్‌లో ఇప్పటికే ఇబ్బంది

మంచు మీదే బతికే ఊరు ఎలా ఉంటుందో చూడాలంటే లద్దాఖ్ రాజధాని లేహ్‌ను చూడాలి. 3,500 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పట్టణం టిబెట్ పీఠభూమికి పడమటి అంచు. ఇక్కడ సాగుకైనా, తాగడానికైనా పైనుంచి కరిగి వచ్చే వాగుల నీళ్లే ఆధారం. 2011 జనాభా లెక్కల ప్రకారం లద్దాఖ్ మొత్తం జనాభా 2.74 లక్షలు. 2022లో ఒక్క ఏడాదే అక్కడికి వచ్చిన పర్యాటకులు 5 లక్షలు దాటారు. నీళ్లు పెద్దగా అక్కర్లేని సంప్రదాయ మరుగుదొడ్ల స్థానంలో హోటళ్లు, గెస్ట్‌హౌస్‌లు ఫ్లష్ టాయిలెట్లు కట్టాయి. వాటి కోసం బోర్లు పడ్డాయి, ట్యాంకర్లు తిరుగుతున్నాయి.

లద్దాఖ్ రైతుకు అసలు కష్టం ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. విత్తనం వేసే సమయానికి పైన మంచు ఇంకా సరిగ్గా కరగదు. అందుకే చేవాంగ్ నోర్ఫెల్ అనే ఇంజినీర్, చలికాలంలో వృథాగా పోయే వాగు నీటిని ఊరికి దగ్గరగా మళ్లించి గడ్డకట్టించే పద్ధతి తెచ్చారు. తర్వాత సోనమ్ వాంగ్‌చుక్ బృందం అదే నీటిని పైపుల ద్వారా పైకి చిమ్మించి, శంకువు ఆకారంలో 'ఐస్ స్తూపాలు' నిలబెట్టింది. పంపు అక్కర్లేదు, వాలే చాలు. ఇవి రైతుకు కొన్ని వారాల నీళ్లిస్తాయి. కరిగిపోతున్న హిమానీనదానికి మాత్రం ప్రత్యామ్నాయం కాలేవు.

చైనా డ్యామ్ కడితే బ్రహ్మపుత్ర ఎండుతుందా?

బ్రహ్మపుత్రను టిబెట్‌లో యార్లుంగ్ త్సాంగ్‌పో అంటారు. అరుణాచల్‌లోకి వచ్చే ముందు అది పెద్ద వంపు తిరిగి, దాదాపు 50 కిలోమీటర్ల దూరంలోనే 2,000 మీటర్లు కిందికి దూకుతుంది. ఈ వంపు దగ్గర జల విద్యుత్ ప్రాజెక్టు పనులు మొదలైనట్టు 2025 జులైలో చైనా ప్రకటించింది. ఖర్చు 1.2 లక్షల కోట్ల యువాన్లు. పూర్తయితే ఏడాదికి 30 వేల కోట్ల యూనిట్ల కరెంటు వస్తుందని, ఇది త్రీ గోర్జెస్ కంటే మూడు రెట్లని చెబుతున్నారు.

బ్రహ్మపుత్ర నీటిలో చైనా నుంచి వచ్చేది 30 నుంచి 35 శాతమేనని, మిగతాది భారత్‌లో కురిసే వానల వల్లే వస్తుందని అస్సాం ముఖ్యమంత్రి హిమంత బిశ్వ శర్మ 2025 జూన్‌లో అన్నారు. కాబట్టి నది మొత్తం ఎండిపోతుందన్న మాటకు ఆధారం లేదు. కానీ అస్సాం, అరుణాచల్ ప్రజలకు నిజమైన చిక్కు మరోచోట ఉంది. ఎండాకాలంలో ఎంత వదులుతారు, వరద సమయంలో హఠాత్తుగా గేట్లు ఎత్తితే ముందుగా చెబుతారా, నది మోసుకొచ్చే ఒండ్రు ఆగిపోతుందా అన్నవే ఆ ప్రశ్నలు.

అందుకే ఇక్కడ సమాచారమే అసలు ప్రజాసేవ. వరద కాలంలో బ్రహ్మపుత్ర నీటి మట్టాల సమాచారం ఇవ్వడానికి 2002లో రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం, పలుమార్లు పొడిగించాక 2023లో గడువు తీరింది. 2025 ఆగస్టులో చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ ఢిల్లీ వచ్చినప్పుడు, అత్యవసర పరిస్థితుల్లో మానవతా దృష్టితో సమాచారం ఇస్తామని చైనా అంగీకరించింది. అత్యవసరంలో ఇచ్చే సమాచారం, రోజూ క్రమం తప్పకుండా వచ్చే సమాచారం ఒకటి కావు.

మరి కృష్ణా, గోదావరి సంగతి?

ఇప్పుడు మన కుళాయి దగ్గరికి వద్దాం. కృష్ణా నది మహారాష్ట్రలోని మహాబలేశ్వర్ దగ్గర, గోదావరి నాసిక్ సమీపంలోని త్య్రంబకేశ్వర్ దగ్గర పుడతాయి. రెండూ పడమటి కనుమలే. ఈ నదుల్లో మంచు నీరు ఒక్క చుక్క కూడా లేదు. టిబెట్‌లో మంచంతా కరిగినా నాగార్జునసాగర్‌లోకి వచ్చే నీరు దాని వల్ల పెరగదు, తగ్గదు.

టిబెట్‌లో పెద్ద ఎత్తున జరిగేదే ఇక్కడ చిన్న స్థాయిలో జరుగుతుంది. సముద్రం నుంచి వచ్చిన తేమగాలిని కనుమలు అడ్డుకుంటాయి. మహాబలేశ్వర్‌లో ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు పైగా కురిస్తే, కనుమల వెనక పీఠభూమి మీదున్న అనంతపురం దగ్గర అది 550 మిల్లీమీటర్లు దాటడమే కష్టం. ఆ కనుమల మీద కురిసిన నీరు ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల దాటి శ్రీశైలం, సాగర్‌లకు చేరితేనే మనకు నీళ్లు.

దీన్ని బట్టి తెలిసేది ఇది. ఉత్తర భారతానికి ఎండాకాలంలో కొంతైనా కరిగి వచ్చే మంచు నిల్వ ఉంది. మనకు ఆ నిల్వ లేదు. దేశంలో ఏడాది వానలో దాదాపు మూడొంతులు జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడుతుంది. ఆ నాలుగు నెలల్లో ఆపుకున్నదే మనకు మిగతా ఎనిమిది నెలలు తాగునీరు. మన మంచు కొండలు మన రిజర్వాయర్లు, చెరువులే.

2023 దీనికి మంచి ఉదాహరణ. ఆ ఏడాది జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. తర్వాతి నెలే దేశం మొత్తం మీద 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టుగా నమోదైంది. వాన మేఘాల వరుస హిమాలయాల పాదాల దగ్గరికి జరిగిపోతే మన వైపు వాన ఆగిపోతుంది. దీన్ని 'రుతుపవన విరామం' అంటారు. ఎల్ నినో కూడా తోడై ఆ విరామం చాలా రోజులు సాగింది. ఆ సీజన్‌లో సాగర్ నిండలేదు. 2024 వేసవిలో హైదరాబాద్‌కు కృష్ణా నీటి కోసం సాగర్ నుంచి ఎమర్జెన్సీ పంపింగ్ చేయాల్సి వచ్చింది.

వాతావరణం ఒక డిగ్రీ వేడెక్కితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అంటే కురిసినప్పుడు కుండపోత, ఆగినప్పుడు సుదీర్ఘ విరామం. ఇలాంటి వానను ఒడిసి పట్టాలంటే నిల్వ సామర్థ్యం పెరగాలి. మన దగ్గర మాత్రం అది తగ్గుతోంది. శ్రీశైలం కట్టినప్పుడు సామర్థ్యం 308 టీఎంసీలు. పూడిక చేరాక తేలిన లెక్క సుమారు 215 టీఎంసీలు. సాగర్ 408 నుంచి 312 టీఎంసీలకు వచ్చింది. రెండింటిలో కలిపి పోయింది దాదాపు 190 టీఎంసీలు. హైదరాబాద్‌కు ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు తెచ్చే మొదటి దశ పథకానికి ఏడాదికి కేటాయించింది 10 టీఎంసీలు. అలాంటివి 19 పథకాలకు సరిపడే జాగా మట్టితో నిండిపోయిందన్నమాట.

మనం ఏం గమనించాలి?

- వాన అంచనా: 'సాధారణ వర్షపాతం' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవద్దు. దేశం సగటు బాగున్నా మన నదులకు నీరిచ్చే పడమటి కనుమల్లో ఎలా ఉందన్నదే మనకు ముఖ్యం.

- రిజర్వాయర్ మట్టం: జూన్ నుంచి అక్టోబర్ వరకు ఆల్మట్టి, శ్రీశైలం, సాగర్, ఎల్లంపల్లి నీటి మట్టాలు చూస్తే వచ్చే ఏప్రిల్‌లో ట్యాంకర్ అవసరం పడుతుందో లేదో ముందే అంచనా వేయొచ్చు. కేంద్ర జల సంఘం ప్రధాన జలాశయాల నిల్వలను ప్రతి వారం ప్రకటిస్తుంది.

- పూడిక లెక్క: మీ ఊరికి నీరిచ్చే జలాశయంలో చివరిసారి పూడిక సర్వే ఎప్పుడు జరిగింది, ఎంత సామర్థ్యం మిగిలింది అని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు.

- చెరువులు: నగరంలో కుండపోతను ఆపగలిగేవి ఇవే. చెరువు శిఖం భూమిలో లేఅవుట్ వేస్తున్నారంటే అక్కడ పోతున్నది ఖాళీ జాగా కాదు, నీటి నిల్వ.

టిబెట్ మంచు మన చేతిలో లేదు. రుతుపవనం కూడా లేదు. సింధు, బ్రహ్మపుత్ర తీరాల ప్రజలు తమ నీటి కోసం పొరుగు దేశం ఏం చెబుతుందా అని ఎదురు చూడాలి. మనకు ఆ ఇబ్బంది లేదు. మన నిల్వలో ఎంత ఉంది, ఎంత పోయింది అన్న లెక్క మన ప్రభుత్వాల దగ్గరే, మన ఆఫీసుల్లోనే ఉంది. వాట్సాప్‌లో మంచు కరిగే వీడియో వచ్చినప్పుడు ఫార్వర్డ్ చేసే ముందు, ఈ వారం సాగర్‌లో నీళ్లు ఎంత ఉన్నాయో ఒక్కసారి చూడండి.